మనిషి డల్లాస్‌లో, పింఛను అనంతపురంలో

(సాయంత్రం అయిదున్నర. అనంతపురంలో విశ్రాంత ఉద్యోగులు కూడే ఒక వరండా. వాదులాడేది ఇద్దరు: ఖజానా శాఖలో పనిచేసి దిగిన సార్, లెక్కలు చెప్పి దిగిన అయ్యవారు. పిల్లల దగ్గర అమెరికాలో ఏడెనిమిది నెలలుండే రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారు ఏటా జనవరికి ఊరు చేరాల్సిందేనా, అన్నీ అక్కడి నుంచే జరుపుకోవచ్చా అనేది తగువు.)

ఖజానా సార్: చేరాల్సిందే. మన పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నామనే రుజువు, ఇచ్చే గడువు జనవరి 1న మొదలై ఫిబ్రవరి ఆఖరుకు ముగుస్తుంది. కేంద్రం వాళ్లకు నవంబరు, పీఎఫ్ పింఛనోళ్లకు ఇచ్చిన రోజు నుంచి పన్నెండు నెలలు. ఎవరి లెక్క వాళ్లది. పక్కింటాయన నవంబర్లో ఇచ్చినాడని మనమూ ఇచ్చేస్తే అది చెల్లదు. సంక్రాంతికి ఇల్లు చేరేట్టు టికెట్టు పెట్టుకోండి, పండగ కాగానే ఉప ఖజానాకు పోయి వేలిముద్ర వేయండి. అయిపాయ.

అయ్యవారు: వేలిముద్ర కోసం సముద్రాలు దాటాల్నా సార్? 2021 నవంబరు నుంచి ముఖం చూపిస్తే చాలు కదా. రెండు యాప్‌లు: ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ ఫేస్. మొదటిది ఎక్కించినా ఫోన్ తెర మీద దాని బొమ్మ కనబడదు, వెనకాల ఉండి పనిచేస్తుంది. ఎక్కలేదేమో అని తీసేసి మళ్లీ వేసేవాళ్లే ఎక్కువ. ఆపరేటర్‌గా ఇంట్లో ఒకరు ఒకసారి తమ ఆధార్‌తో, ముఖంతో నమోదైతే, తర్వాత అమ్మదీ నాయనదీ ఇద్దరిదీ అదే ఫోన్లో చేసేయొచ్చు.

ఖజానా సార్: చేయొచ్చు. చేసినాక తిరస్కరణ ఎందుకొస్తుందో తెలుసునా? పీపీఓ (పింఛను మంజూరు పత్రం) నంబర్లో ఒక అంకె తప్పు. లేదంటే పింఛను ఇచ్చేది ఖజానా అయితే, డబ్బు పడేది బ్యాంకులో కాబట్టి బ్యాంకును ఎంచుకోవడం. యాప్ పంపే ప్రమాణ్ ఐడీ అనే నంబరు వచ్చిందంటే సర్టిఫికెట్ తయారైందని అర్థం, ఖజానా దాన్ని ఒప్పుకుందని కాదు. ఆ మెసేజి చూసి నిశ్చింతగా పండుకుంటారు. ఏప్రిల్లో ఖాతా చూసుకుంటే పింఛను ఉండదు.

అయ్యవారు: అందుకే మొదటి వారంలో చేసి, పది రోజులకు స్థితి చూసుకోమనేది. ఒకటి తప్పినా ఇంకోదానికి టైముంటుంది. టెక్సాస్‌లో ఉండేవాళ్లకు హ్యూస్టన్ కాన్సులేట్ ఉంది. అధికారి సంతకంతో కాగితం పంపొచ్చు.

ఖజానా సార్: డల్లాస్ నుంచి హ్యూస్టన్ నాలుగ్గంటల దారి. నోటరీ సంతకం ఒప్పుతారా అని బయల్దేరకముందే మన ఖజానాలో అడిగి పెట్టుకోవాల. అది సరే, మీ ముఖం యాప్‌కు ఓటీపీ ఏ నంబరుకొస్తుంది?

అయ్యవారు: ఇండియా నంబరుకే. నిజం చెప్పాలంటే అసలు చిక్కు ముఖం కాదు, సిమ్ము. రోమింగ్ ఇక్కడుండగానే ఆన్ చేయించుకోవాల. అక్కడ దిగినాక ఆన్ చేయమంటే దానికీ ఓటీపీ అడుగుతుంది. రోమింగులో వచ్చే మెసేజికి మామూలుగా రుసుము లేదు, కానీ రీచార్జి గడువు తప్పకూడదు. ఆధార్‌కు అమెరికా నంబరు కలపడం కుదరదు. ఇన్‌కం టాక్స్ పోర్టల్‌కైతే ప్రవాసులు అక్కడి నంబరు ఇచ్చుకోవచ్చు.

ఖజానా సార్: అసలు వెబ్‌సైటు తెరుచుకుంటే కదా! మన సర్కారు సైట్లు కొన్ని బయటి దేశాల నుంచి అడిగితే పలకవు. చక్రం తిరుగుతా తిరుగుతా చివరికి తెల్ల పేజీ.

అయ్యవారు: దానికి మనం ఇండియాలోనే ఉన్నట్టు చూపించే వీపీఎన్...

ఖజానా సార్: ఉండండప్పా. 2022లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఆదేశం వచ్చింది, వాడేవాళ్ల వివరాలు అయిదేళ్లు దాచమని. పెద్ద వీపీఎన్ కంపెనీలు సర్వర్లను ఇండియా నుంచి ఎత్తేసినాయి. ఇప్పుడు ‘ఇండియా’ అని చూపించేది సింగపూర్లోనో లండన్లోనో ఉన్న యంత్రం, దానికి ఇండియా చిరునామా తగిలిస్తారు. ఒక సైటు దాన్ని ఒప్పుతుంది, ఇంకోటి గుర్తుపట్టి గెంటేస్తుంది. ఉచిత వీపీఎన్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడమంటే, తాళంచెవి దారిన పోయేవాడి చేతికిచ్చినట్టే.

అయ్యవారు: ఉచితంది నేనూ ఒప్పను. దానికన్నా తేలిక దారుంది. మన సిమ్ము మీదే ఒకరోజు రోమింగ్ డేటా ప్యాక్ వేసి, ఇంటి వైఫై ఆపేయండి. రోమింగులో నెట్టు మామూలుగా మన ఆపరేటర్ గుండానే తిరిగొస్తుంది కాబట్టి, డల్లాస్‌లో కూర్చున్నా సైటుకు ఇండియా నుంచి వచ్చినట్టే కనబడుతుంది. ఓటీపీ కూడా అదే సిమ్ముకు. ఏడాదికి రెండు మూడు రోజుల పనికి ఇది చాలు. తరచుగా కావాలంటే అనంతపురం ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఒకటి పెట్టి టెయిల్‌స్కేల్ అనే యాప్‌లో దాన్ని ఎగ్జిట్ నోడ్, అంటే మన నెట్టు బయటికి పోయే ద్వారం, చేసుకోవాల. నేరుగా వైర్‌గార్డ్ అనే సొంత వీపీఎన్ పెట్టబోతే, ఇళ్ల ఫైబర్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరే చిరునామా) మామూలుగా ఉండకపోవడంతో దారి తెరుచుకోదు. టెయిల్‌స్కేల్‌కు ఆ బాధ లేదు.

ఖజానా సార్: కరెంటు పోతే?

అయ్యవారు: రౌటరుకు చిన్న యూపీఎస్. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉండనే ఉంది. నిద్రలోకి పోకుండా సెట్టింగు మార్చాల, మూత మూసినా నడిచేట్టు పెట్టాల. ఈ రెండోది మర్చిపోతే, ఇల్లు ఊడ్చే ఆమె మూత వేసిన పూటే డల్లాస్‌లో నెట్టు ఆగిపోతుంది.

(ఇక్కడిదాకా ఇద్దరూ కాస్త నవ్వుతూనే ఉన్నారు. అసలు గొడవ రోజుల లెక్క దగ్గర మొదలైంది.)

ఖజానా సార్: సరే, యంత్రాలు మీవే. చట్టం సంగతి? ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు ఇండియాలో ఉండకపోతే ప్రవాసి అయిపోతారు. అప్పుడు వడ్డీ మీద పన్ను కోయొద్దని సీనియర్లు బ్యాంకుకిచ్చే ఫారం ఇవ్వకూడదు. ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులు ఇక్కడి ఆదాయానికి పెట్టుకునేది) వడ్డీ మీద 30 శాతం, పైన సెస్సు, మొత్తం 31.2 శాతం కోత. పది లక్షల డిపాజిట్‌కు 7 శాతం చొప్పున 70,000 వడ్డీ అనుకోండి, 21,840 ముందే పోతుంది. చిన్న ఆదాయం వాళ్లకిచ్చే రిబేటు ఉండదు, సీనియర్లకు వడ్డీ మీద 50,000 మినహాయింపూ ఉండదు. రిటర్ను కూడా ఐటీఆర్-2.

అయ్యవారు: కోత మాట నిజం. 182 మాటే సగం నిజం. చట్టంలో రెండో షరతుంది సార్: ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇండియాలో ఉంటే నివాసే. 60ని 182 చేసే సడలింపు ఉద్యోగం కోసం దేశం విడిచేవాళ్లకు, బయట స్థిరపడి చూసిపోను వచ్చేవాళ్లకు. ఆ రెండోవాళ్లలో ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే అది 120. కూతురి దగ్గర ఎనిమిది నెలలుండి వచ్చే పింఛనుదారు ఈ రెండింట్లోనూ లేడు. ఇక్కడ 120 రోజులున్నా ఆయన నివాసే. పన్ను పడేంత ఆదాయం లేకపోతే ఆ ఫారం నిక్షేపంగా ఇస్తాడు.

ఖజానా సార్: (కాసేపు ఆగి) అది ఆదాయపు పన్ను చట్టం. విదేశీ మారకపు చట్టం ఫెమా వేరే. అది పోయిన ఏడాది 182 రోజులకు మించి ఇక్కడున్నారా అని చూస్తుంది, పైగా ఏ ఉద్దేశంతో పోయినారనీ చూస్తుంది. బ్యాంకు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ చేయాలా వద్దా అనేది దీన్నిబట్టే. ఒకే మనిషి పన్నుకు నివాసి, బ్యాంకుకు ప్రవాసి కావచ్చు. గ్రీన్ కార్డు తీసుకుని, పాత సేవింగ్స్ ఖాతా అట్లే నడుపుతా కూర్చున్నవాళ్లు ఎందరు లేరు?

అయ్యవారు: గ్రీన్ కార్డు వాళ్ల విషయంలో మీ మాటే నా మాట. చెప్పి ఎన్‌ఆర్‌ఓ చేసుకోవాల్సిందే. పింఛను అందులో పడడానికి అడ్డం లేదు. నేనడిగేది బీ-2, అంటే చూసిపోయే వీసా, మీద పోయేవాళ్ల గురించి.

ఖజానా సార్: వాళ్లకూ అమెరికా లెక్కొకటుంది. ఈ ఏడాది రోజులు, పోయిన ఏడాదివాటిలో మూడోవంతు, అంతకుముందుదాంట్లో ఆరోవంతు; మొత్తం 183 అయితే అక్కడి పన్ను నివాసి. ఏటా 120 రోజులుంటే 120, 40, 20, మొత్తం 180: బయటపడతారు. 122 అయితే 183 నిండుతుంది. ఎనిమిది నెలలు ఒకే క్యాలెండరు ఏడాదిలో పడితే లెక్కే అక్కరలేదు. అప్పుడు ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే బయటి దేశాల ఖాతాల వివరం, అమెరికాకు దాఖలు చేయాల. రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీ డిపాజిట్ ఒక్కటే దాన్ని దాటించేస్తుంది.

అయ్యవారు: ప్రభుత్వ పింఛనుకు రెండు దేశాల ఒప్పందంలో కాపు ఉంది. భారత పౌరుడై, గ్రీన్ కార్డు తీసుకోనంతవరకు దాని మీద పన్ను ఇండియాదే.

ఖజానా సార్: పింఛనుకు. వడ్డీకీ ఇంటి బాడుగకూ కాదు.

అయ్యవారు: ...కాదు. అయితే క్యాలెండరు ఏడాదిని చీల్చేట్టు ప్రయాణం పెట్టుకోమందాం. సెప్టెంబర్లో బెంగళూరులో ఎక్కి, ఏప్రిల్ ఆఖర్లో దిగి, ఆ ఏడాది మళ్లీ పోకుండా ఉంటే ఒక్కో ఏడాదికి దాదాపు నాలుగు నెలలే.

ఖజానా సార్: అప్పుడు జనవరి, ఫిబ్రవరి అక్కడే గడుస్తాయి. వీసా మీద ఒక్కసారి దిగితే మామూలుగా ఇచ్చేది ఆరు నెలలే, పైన పొడిగింపు అర్జీ.

అయ్యవారు: ఆరు నెలలకే రానీండి. లైఫ్ సర్టిఫికెట్‌కు నా ముఖం యాప్ ఉందిగా!

ఖజానా సార్: ఉంటుంది లెండి. వడ్డీ మీద పన్ను కోయొద్దనే ఫారం మాత్రం ఏప్రిల్లో దిగిన వారంలోనే బ్యాంకుకు పోయి ఇచ్చి రమ్మనండి. మొదటి వడ్డీ కోత మామూలుగా జూన్‌లోనే పడుతుంది.