కామా ఎక్కడ పెట్టాలో ఊపిరి చెప్పదు

అమెరికా కాలేజీల్లో ప్రవేశానికి రాసే శాట్ పరీక్షకు పిల్లలు తయారవుతున్న ఇళ్ళలో ఇంగ్లిష్ అనగానే ముందు వినిపించే మాట వొకాబులరీ. వర్డ్ లిస్టులు, ఫ్లాష్ కార్డులు, రోజుకు ఇన్ని పదాలని టార్గెట్లు. పంక్చుయేషన్, అంటే కామా, ఫుల్‌స్టాప్ లాంటి గుర్తుల సంగతి అడిగితే, ‘అదేముందిలే, పరీక్ష ముందు ఒకసారి రూల్స్ చూసుకుంటే సరిపోతుంది’ అంటారు. నేను దీనితో అస్సలు ఏకీభవించను. శ్రద్ధగా నేర్పితే ఈ పరీక్షలో తొందరగా ఫలితం కనిపించే భాగం పంక్చుయేషనే. సరిగ్గా నేర్పకపోతే ఎన్ని మాక్ టెస్టులు రాయించినా స్కోరు కదలనివ్వనిదీ అదే.

పరీక్ష ఎలా ఉంటుందో చూస్తే కారణం తెలుస్తుంది. శాట్ అమెరికా బయట 2023 మార్చి నుంచి, అమెరికాలో 2024 మార్చి నుంచి డిజిటల్ అయింది. రీడింగ్ అండ్ రైటింగ్ విభాగంలో 54 ప్రశ్నలు, 64 నిమిషాలు. 27 చొప్పున రెండు మాడ్యూళ్ళు ఉంటాయి. మొదటిదాంట్లో ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండోది తేలిగ్గానో కఠినంగానో వస్తుంది. మొత్తం ప్రశ్నల్లో 11 నుంచి 15 దాకా గ్రామర్, పంక్చుయేషన్‌వే. ఒక చిన్న పేరా ఇచ్చి ఒకచోట ఖాళీ వదులుతారు. పంక్చుయేషన్ ప్రశ్న అయితే నాలుగు ఆప్షన్లలోనూ చాలాసార్లు పదాలు అవే ఉంటాయి. ఒకదాంట్లో కామా, ఒకదాంట్లో సెమికోలన్, ఒకదాంట్లో కోలన్, ఇంకోదాంట్లో ఏమీ ఉండదు. పేరాలోని సైన్సు బొత్తిగా అర్థం కాకపోయినా చాలా ప్రశ్నలకు జవాబు పెట్టొచ్చు. అంతా అర్థమైనా తప్పు పెట్టొచ్చు. అక్కడ అడుగుతున్నది వాక్యం ఎక్కడ ముగిసిందని మాత్రమే.

మనలో చాలామంది స్కూల్లో నేర్చుకున్నదేమో, చదివేటప్పుడు ఎక్కడ ఆగుతామో అక్కడ కామా పెట్టాలని. తెలుగుకు ఈ పద్ధతి బాగానే సరిపోతుంది. ‘వాన వెలిసింది, మ్యాచ్ మొదలైంది’ అని రాస్తే ఏ తెలుగు మాస్టారూ తప్పు పట్టరు. అదే అలవాటుతో ‘ద రెయిన్ స్టాప్డ్, ద మ్యాచ్ బిగాన్’ అని రాస్తే శాట్‌లో మార్కు పోతుంది. దీనికి కామా స్ప్లైస్ అని పేరు. రెండు పూర్తి వాక్యాలను కలిపే శక్తి ఒట్టి కామాకు లేదు. మధ్యలో ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ రావాలి, లేదంటే కామా పక్కన ‘అండ్’ లాంటి మాట ఉండాలి.

పొడవాటి కర్త దగ్గరా ఇదే ఇబ్బంది. ‘నిన్న రాత్రి హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనమామగారి పెద్దబ్బాయి, పొద్దున్నే బయల్దేరి వెళ్ళిపోయాడు’ అని తెలుగులో హాయిగా రాసుకుంటాం. ఇంగ్లిష్‌లో కర్త ఎంత పొడవున్నా, దానికీ క్రియకూ మధ్య ఒంటరి కామా కుదరదు. ప్రశ్నల్లో ఆ కర్త ఒక్కోసారి రెండు లైన్లు సాగుతుంది. చదివే పిల్లవాడికి అక్కడ ఆగాలనిపిస్తుంది, కామా ఉన్న ఆప్షన్ కంటికి సరిగ్గా కనిపిస్తుంది.

అమెరికాలోనే పుట్టి పెరిగిన మన పిల్లలకు ఈ తెలుగు అలవాటు ఉండదు. వాళ్ళు చెవిని నమ్ముకుంటారు. వినడానికి బాగుంటే రైటే అనుకుంటారు. సబ్జెక్ట్–వెర్బ్ పొత్తు దగ్గర చెవి చాలావరకు కాపాడుతుంది గానీ, కామాకూ సెమికోలన్‌కూ మధ్య తేడాను ఏ చెవీ పట్టుకోలేదు. ‘పుస్తకాలు బాగా చదివిస్తే అదే వస్తుంది’ అనే వాదన కూడా తరచూ వింటాం. ఐదో ఏట నుంచి చదువుతున్న పిల్లకు అది నిజం. పరీక్షకు మూడు నెలలే ఉన్న పిల్లకు ఆ సలహా ఎందుకూ పనికిరాదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగు మీడియంలోనో, తెలుగు ఒక సబ్జెక్టుగానో చదివిన పిల్లల దగ్గర దీనికి మంచి ఆధారం ముందే ఉంది. సమాపక క్రియ, అసమాపక క్రియ అని హైస్కూల్లో చదివే ఉంటారు. ‘రవి ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకున్నాడు.’ వచ్చి, తిని అన్నవి అసమాపకాలు, వాటితో మాట పూర్తవదు. పడుకున్నాడు అనేసరికి పూర్తవుతుంది. ఇంగ్లిష్‌లో ‘ఫినిషింగ్ హిజ్ డిన్నర్’ అసమాపకం, దాని తర్వాత కామా పెట్టి వాక్యం కొనసాగించొచ్చు. ‘హి ఫినిష్డ్ హిజ్ డిన్నర్’ అంటే సమాపకం వచ్చేసింది, ఇక కామాతో సరిపెట్టలేం. ఇండిపెండెంట్ క్లాజ్, పార్టిసిపియల్ ఫ్రేజ్ అంటూ మొదలుపెడితే బెదిరిపోయే పిల్లలు, సమాపక క్రియ ఎక్కడుందో చూపించమంటే చూపిస్తారు. కోచింగ్ సెంటర్లు దీన్ని వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ దారి అన్నిచోట్లకూ చేర్చదు. ‘ఆయన మా మాస్టారు’ అని క్రియ లేకుండానే తెలుగులో నిండు వాక్యం చెప్పొచ్చు, ఇంగ్లిష్‌లో ఆ వీలు లేదు. క్రియ పూర్తిగా ఉన్నా ‘బికాజ్’, ‘ఆల్దో’ లాంటి మాట ముందుంటే ఆ ముక్క సొంతంగా నిలబడదు. ఈ రెండూ విడిగా చెప్పాల్సిందే.

తెలుగు పిల్లలకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది, వాక్యం మధ్యలో జంటగా వచ్చే కామాల సంగతి. ‘డాలస్‌లో ఉండే మా అన్నయ్య’ అన్నప్పుడు అన్నయ్య ఒక్కడేనా, ముగ్గురిలో డాలస్‌లో ఉన్న ఒకడా అన్నది తెలుగు వాక్యంలో తేలదు. ఇంగ్లిష్ కామాలతోనే తేల్చేస్తుంది. ‘మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ డాలస్,’ అంటే ఉన్నది ఒక్క అన్నే. కామాలు తీసేస్తే, ఉన్న అన్నల్లో డాలస్‌లో ఉండేవాడు. పేర్ల దగ్గరా ఇదే చూడాలి. ‘బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు’ అని మొదలయ్యే ఇంగ్లిష్ వాక్యంలో పేరుకు అటూ ఇటూ కామాలు రావు, ఎందుకంటే పేరు తీసేస్తే ఏ బయోకెమిస్టో తెలియదు. ‘సుబ్బారావు, ఎ బయోకెమిస్ట్ ఫ్రమ్ భీమవరం,’ అంటే రెండు వైపులా కామాలు కావాలి, మధ్య ముక్క తీసేసినా మనిషి ఎవరో తెలుస్తూనే ఉంటుంది. ఈ ఒక్క అంశానికే రెండు మూడు క్లాసులు ఖర్చు పెట్టినా దండగ కాదు.

ఇక షార్ట్‌కట్లు. ‘ఫుల్‌స్టాప్, సెమికోలన్ రెండూ ఆప్షన్లలో ఉండి మిగతా అంతా ఒకేలా ఉంటే రెండూ తప్పే’ అని చెబుతుంటారు. శాట్‌లో రెండు వాక్యాల మధ్య ఆ రెండు గుర్తులూ ఒకే పని చేస్తాయి కాబట్టి ఇది న్యాయమైన చిట్కానే. కానీ మొదటి రోజే చెబితే పిల్లలు వాక్యం చూడటం మానేసి ఆప్షన్లు చూడటం అలవాటు చేసుకుంటారు. ‘హౌఎవర్ కనిపిస్తే ముందు సెమికోలన్, వెనక కామా’ అనేది ఇంకా ప్రమాదం. ఇలాంటి పేరా వచ్చిందనుకోండి: విమర్శకులకు నాటకం నచ్చలేదు. ప్రేక్షకులకు మాత్రం బాగా నచ్చింది. వారాల తరబడి టికెట్లు దొరకలేదు. ఇందులో ‘మాత్రం’ చేసే పనిని ఇంగ్లిష్‌లో ‘హౌఎవర్’ చేస్తుంది. అది ప్రేక్షకుల వాక్యానికి చెందుతుంది, టికెట్ల వాక్యానికి కాదు. కాబట్టి దాని ముందు కామా, తర్వాత సెమికోలన్ రావాలి. చిట్కా పట్టుకున్నవాడు సరిగ్గా తిరగేసి పెడతాడు. ఈ తరహా ప్రశ్నలు పరీక్షలో వస్తూనే ఉన్నాయి.

క్లాసులో నేను కోరుకునేది పెద్ద ఏర్పాటేమీ కాదు. ఏదైనా ఇంగ్లిష్ పేపర్ నుంచి ఒక పేరా తీసుకుని, గుర్తులన్నీ, పెద్ద అక్షరాలతో సహా, తీసేసి ఇవ్వాలి. వాక్యాలు ఎక్కడ ముగుస్తున్నాయో పిల్లలే తేల్చాలి, ఎందుకో నోటితో చెప్పాలి. ఆ తర్వాతే నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు, అవీ మొదట్లో ఆప్షన్లు మూసిపెట్టి. ఇలా సాధన చేసినవాళ్ళు పంక్చుయేషన్ ప్రశ్నను అర నిమిషంలో ముగిస్తారు. ఒక్కో ప్రశ్నకు సగటున దొరికేది 71 సెకన్లే కాబట్టి, మిగిలిన టైమ్ కష్టమైన రీడింగ్ ప్రశ్నలకు పోతుంది. టెన్షన్ కూడా తగ్గుతుంది.

ఇంకో విషయం కూడా ఉంది. వారాంతాల్లో జరిగే శాట్‌లో ఎస్సే రాయించడం 2021లో ఆపేశారు. దాంతో పిల్లలు తమంతట తాము ఒక్క కామా కూడా పెట్టకుండానే పంక్చుయేషన్‌లో మంచి స్కోరు తెచ్చుకునే పరిస్థితి వచ్చింది. అదే పిల్లలు అప్లికేషన్ల సీజన్లో కామన్ యాప్ (చాలా అమెరికా కాలేజీలకు కలిపి ఒకేచోట చేసే దరఖాస్తు) వ్యాసం రాయాలి, దాని పరిమితి 650 పదాలు. అక్కడ ఆప్షన్లు ఉండవు. రెండింటికీ వేర్వేరు ట్యూషన్లు పెట్టించే బదులు, ఆ వ్యాసం మొదటి డ్రాఫ్టునే పంక్చుయేషన్ క్లాసుకు తెప్పించి, పిల్లల సొంత వాక్యాల మీదే కామాలు దిద్దిస్తే రెండు పనులూ ఒకే గంటలో అవుతాయి.