లెక్కలు రానివాళ్ళకు ఆ చదువు వద్దంటున్న మెసేజ్‌కి నా జవాబు

మా పక్క వీధి అమ్మాయి బీకాం ఆఖరి సంవత్సరంలో ఉంది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ కోసం ఆరు నెలల నుంచి చదువుతోంది. పోయిన ఆదివారం మా ఇంటికొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. "అక్కా, ఇది చదివి చెప్పు. అప్లికేషన్ పెట్టాలా, మానేయాలా?" అంది. వాళ్ళ మావయ్య పంపిన మెసేజ్ అది. అప్పటికే నాకు మూడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. ఒక్కొక్కరూ దాన్ని "మన పిల్లల మేలు కోసం" అని రాసి మరీ పంపుతున్నారు.

అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ. లెక్కలు, స్టాటిస్టిక్స్ మీద నడిచే బిజినెస్ స్కూళ్ళు ఇంజినీర్లకే పనికొస్తాయి, బీకాం, బీఏ పిల్లలు అక్కడ మునిగిపోతారు. అక్కడ నేర్పే లెక్కలు ఉద్యోగంలో ఎవరూ వాడరు, ఎక్సెల్ వస్తే చాలు. అంకెల చదువు మనుషుల్ని రాళ్ళలా చేస్తుంది. ఏఐ వచ్చాక ఆ చదువు ఎలాగూ దండగ. ఇంజినీర్ అయితే మాత్రం సగటు ప్యాకేజీ చూసుకుని కళ్ళు మూసుకుని చేరిపోవచ్చు, రెండేళ్ళలో లోన్ తీరిపోతుంది.

నేను విశాఖపట్నం అక్కయ్యపాలెంలో పెరిగాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఇక్కడే బీకాం. ఆపైన అలాంటి స్కూల్‌లోనే రెండేళ్ళు చదివాను. అది విశాఖలోది కాదు. ఈ ఊళ్ళో 2015లో ఐఐఎం, అంటే కేంద్ర ప్రభుత్వ మేనేజ్‌మెంట్ కాలేజీ, వచ్చి, ముందు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంగణంలో నడిచి, తర్వాత గంభీరంలో సొంత క్యాంపస్ కట్టుకున్నాక ఎంబీఏ మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తోంది. అందుకే ఈ మెసేజ్ ఎంతమంది పిల్లల్ని ఆపేస్తుందో అని నాకు నిజంగా భయం వేసింది.

"బీకాం వాళ్ళు మునిగిపోతారు" అన్న మాటలో కొంత నిజముంది. ముందు దాన్నే ఒప్పుకుంటాను. మొదటి టర్మ్ నరకంలా గడిచింది. రెండో వారంలోనే స్టాటిస్టిక్స్ క్విజ్ పెట్టారు. ఇరవైకి నాకు నాలుగు వచ్చాయి. లాగరిథమ్ ఎందుకు తీసుకున్నారో అర్థం కాక చెయ్యెత్తి అడిగితే, "ఇది మీకు వచ్చే ఉండాలి" అని సార్ తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోయారు. ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. క్లాసులో సగం మందికి రాదని తెలిసి కూడా ఆ వేగంతో పాఠం చెప్పడం తప్పేనని ఇప్పటికీ అంటాను.

కానీ మునిగిపోలేదు. నా రూమ్మేట్ ఇంజినీరింగ్ చదివి వచ్చింది. ఇంటిగ్రేషన్ ఆమెకి మంచినీళ్ళ ప్రాయం. అకౌంటింగ్ మొదలైన రోజు మాత్రం పుస్తకం పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. "డబ్బు చేతిలోంచి వెళ్ళలేదు కదా, మరి తరుగుదలని ఖర్చు అని ఎందుకు రాస్తున్నారు?" అని అడిగింది. ఇంటర్‌లోనే నేను చదువుకున్న పాఠం అది. లారీ కొన్న ఏడాదే డబ్బంతా వెళ్ళిపోయింది, దాని అరుగుదలని మాత్రం అది పనిచేసే ఏళ్ళన్నిటికీ పంచుతున్నాం అని చెప్పాను. అప్పటి నుంచి మా గదిలో రాత్రి పది నుంచి పదకొండు దాకా అకౌంట్లు, పదకొండు నుంచి పన్నెండు దాకా ప్రాబబిలిటీ. రెండో టర్మ్‌కి మా ఇద్దరి మార్కులూ దాదాపు సమానం.

ప్రవేశ పరీక్ష సంగతి కూడా చూడండి. 2024 క్యాట్‌లో మొత్తం 68 ప్రశ్నలు. గణితం విభాగంలో ఉన్నవి 22. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకునే విభాగంలో 24. ఆ గణితంలో ఎక్కువ భాగం శాతాలు, నిష్పత్తులు, కాలం-దూరం, బీజగణితం, జ్యామితి. పదో తరగతి పునాది గట్టిగా ఉన్నవాళ్ళు సాధనతో అందుకోగలిగినవే.

ఇంకో సంగతి. లెక్కల బిజినెస్ స్కూల్ అనగానే ప్రపంచంలో ముందు గుర్తొచ్చే వాటిలో ఒకటి అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వారి స్కూల్. 1949లో మొదలైంది, ఇప్పుడు టెపర్ స్కూల్ అంటున్నారు. దానికి మొదటి రోజుల్లో ప్రాణం పోసినవాళ్ళలో ముఖ్యుడు హెర్బర్ట్ సైమన్. ఆయన డాక్టరేట్ రాజనీతిశాస్త్రంలో. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బీఏ పిల్లలు అటువైపు చూడకూడదని చెప్పేవాళ్ళు ఆయన చరిత్ర ఒకసారి చదవాలి.

"ఆ లెక్కలు ఉద్యోగంలో ఎవరూ వాడరు." ఈ మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే నాకు ఈ చదువు అర్థమైంది కంపెనీలో కాదు, మా పిన్ని టిఫిన్ కొట్టు దగ్గర.

మొదటి ఏడాది సెలవులకి ఇంటికి వచ్చాను. అప్పుడే క్లాసులో ఒక పాఠం అయింది. పేపర్లు అమ్మేవాడు పొద్దున్నే ఎన్ని కాపీలు కొనుక్కోవాలి? మిగిలితే నష్టం, చాలకపోతే వచ్చే లాభం పోతుంది. పిన్ని ఇడ్లీలదీ అదే సమస్య. ప్లేటు తయారీకి 15 రూపాయలు పడుతుంది, 40కి అమ్ముతుంది. ఒక ప్లేటు తక్కువ పడితే 25 రూపాయల లాభం పోయినట్టు. ఒక ప్లేటు మిగిలిపోతే 15 పోయినట్టు. ఈ రెండూ కలిపితే 40. అందులో 25 అంటే ఎనిమిదింట ఐదు వంతులు. ఎనిమిది ఆదివారాల్లో ఐదు ఆదివారాలు సరిపోయేటన్ని ప్లేట్లు చేస్తే లాభం ఎక్కువ. దీనికి ఎక్సెల్ కూడా అక్కర్లేదు.

పిన్ని నోట్‌బుక్ తీసుకుని ఎనిమిది ఆదివారాల అమ్మకం తక్కువ నుంచి ఎక్కువకి వరసగా రాశాను. 142, 148, 150, 155, 160, 160, 160, 160. ఐదోది 160. పిన్ని చేస్తున్నదీ 160 ప్లేట్లే. "నువ్వు చేస్తున్నది సరిగ్గా సరిపోయింది పిన్నీ" అన్నాను సంబరంగా.

పిన్ని పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ, తల తిప్పకుండానే అంది. "మరి ఎనిమిదిన్నరకే అయిపోయి ఎనక్కెళ్ళిపోయినోళ్ళ లెక్కేదమ్మా అందులో?"

నాకు మాట రాలేదు. ఆ పుస్తకంలో ఉన్నది అమ్మకం మాత్రమే, గిరాకీ కాదు. నాలుగు సార్లు 160 దగ్గర ఆగిందంటే ఆ నాలుగు రోజులూ ఇడ్లీలే అయిపోయాయి, వచ్చేవాళ్ళు ఆగలేదు. తర్వాత ఎనిమిది ఆదివారాలు పిన్ని ఒక పాల డబ్బా పక్కన పెట్టుకుంది. ఇడ్లీ లేదని వెనక్కి వెళ్ళిన ప్రతి మనిషికీ అందులో ఒక చింతపిక్క. మనిషికి ఒక ప్లేటు చొప్పున వాటిని కూడా కలిపితే వచ్చినవి 146, 151, 158, 163, 176, 184, 190, 205. ఐదోది 176. ఇప్పుడు ఆదివారాలు అన్ని ప్లేట్లే చేస్తోంది.

సెలవుల తర్వాత క్లాసులో ఇదే విషయం పెద్ద పేరుతో, గ్రీకు అక్షరాలతో వచ్చింది. ఆ పేజీ నాకు ఒక్కసారికే అర్థమైంది. లెక్క వేయడం కన్నా, రాసుకున్న అంకెల్లో ఏది లేదో వెతకడమే అసలు పని అని ఆ స్కూల్ రెండేళ్ళూ మాకు రకరకాలుగా చెప్పింది. చింతపిక్కల డబ్బా చూసి ఉండకపోతే నాకు తలకెక్కేది కాదేమో.

మా బ్యాచ్‌లో బీఏ ఇంగ్లిష్ చదివి వచ్చిన ఒకతను ఇప్పుడు ఇక్కడే పోర్టు సరుకుల వ్యాపారంలో ఉన్నాడు. కైలాసగిరి ఎక్కి చూస్తే దూరంగా సముద్రంలో లంగరు వేసి ఆగిన ఓడలు కనిపిస్తాయి కదా. వాటి గురించి అతను చెప్పే లెక్క నాకు చాలా ఇష్టం. ఒకే బెర్త్ (ఓడ ఆగి సరుకు దించే చోటు) ఉంది, ఓడ ఎప్పుడొస్తుందో, దించడానికి ఎంతసేపు పడుతుందో ముందుగా చెప్పలేం, సగటున ఒక రోజు పడుతుంది అనుకుందాం. బెర్త్ 80 శాతం సమయం పనిలో ఉంటే ఓడ సగటున నాలుగు రోజులు ఎదురుచూడాలి. 90 శాతమైతే తొమ్మిది రోజులు. 95 అయితే పందొమ్మిది. ఇది క్లాసులో నేర్పే అతి సులువైన మోడల్. నిజం పోర్టులో బెర్తులు చాలా ఉంటాయి, రాకపోకలకు ముందే ప్రణాళిక ఉంటుంది కాబట్టి అంకెలు మారతాయి. కానీ నిండే కొద్దీ నిరీక్షణ ఒక్కసారిగా ఎగబాకడం మాత్రం మారదు. "బెర్త్ ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు అనేవాళ్ళకి ఈ మూడు అంకెలూ చూపిస్తాను. డెమరేజ్ బిల్లు గుర్తొచ్చి నిశ్శబ్దం అయిపోతారు" అంటాడు. డెమరేజ్ అంటే అనుకున్న గడువు దాటి ఓడ ఆగినందుకు కట్టే సొమ్ము. ఓడ అలా ఆగిన ప్రతి రోజుకీ ఎవరో ఒకరు డబ్బు కడుతూనే ఉండాలి మరి.

మన ఏవీఎన్ కాలేజీలోనూ, ఆంధ్రా యూనివర్సిటీలోనూ చదివిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1945లో కలకత్తాలో రాసిన పేపర్‌ని ఈరోజుకీ ప్రపంచమంతా స్టాటిస్టిక్స్ క్లాసుల్లో చెబుతున్నారు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. ఆ పాఠం రోజున క్లాసులో ఆయన పేరు విని, మా ఊళ్ళో చదివారని పక్కవాళ్ళకి చెప్పుకున్నాను. లెక్కలంటే ఎవరో పరాయివాళ్ళ సొత్తని మన పిల్లలకి ఈ ఊళ్ళోనే చెబుతుంటే బాధగా ఉంటుంది.

ఇక "మనుషుల్ని రాళ్ళలా చేస్తుంది" అన్న మాట. అంకెల్ని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1997లో నోబెల్ అందుకున్న ఇద్దరు ఆర్థికవేత్తలు భాగస్వాములుగా ఉన్న లాంగ్‌టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే పెట్టుబడుల ఫండ్ ఆ మరుసటి ఏడాదే కుప్పకూలింది. అది మాకు క్లాసులోనే చెప్పారు. పైన చెప్పిన సైమన్ కూడా జీవితమంతా చెప్పింది ఒకటే. మనిషికి ఉన్న సమయం, తెలివి, సమాచారం అన్నీ పరిమితమే. అన్నిటికన్నా మంచిదాన్ని వెతకడు, సరిపోయేది దొరికితే అక్కడ ఆగుతాడు. అంకెల స్కూల్ కట్టినవాడే మనిషి స్వభావం గురించి ఇలా ఆలోచించాడు.

నా అనుభవం ఒకటి చెబుతాను. నా ఉద్యోగంలో మొదటి ఏడాది, గంటకి ఎన్ని డెలివరీలు చేశారన్న లెక్కన కుర్రాళ్ళకి ఇన్సెంటివ్ ఇచ్చేవారు. ఒకతను ఎప్పుడూ అట్టడుగునే. తీసేద్దామన్న మాట కూడా వచ్చింది. అడ్రసులు తీసి చూస్తే అతని ఏరియా అంతా కొండవాలు ఇళ్ళు. బండి కింద పెట్టి, మెట్లెక్కి వెళ్ళి ఇచ్చి రావాలి. కొండ ఇళ్ళని కొండ ఇళ్ళతోనే పోల్చి మళ్ళీ లెక్క వేశాను. అందరికన్నా వేగంగా చేస్తున్నది అతనే. ఇన్సెంటివ్ వచ్చింది, ఉద్యోగం నిలిచింది. జాలిపడి అడిగితే మీటింగ్‌లో ఎవరూ వినేవారు కాదు. రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టి చూపిస్తే విన్నారు.

ఏఐ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పిన్ని నోట్‌బుక్ ఫోటో తీసి ఇస్తే అది కూడా 160 అనే చెప్పేదేమో, నాలాగే. చింతపిక్కల సంగతి అడగాలని తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

చివరిది, ప్యాకేజీ. ఇంజినీర్ అయినా బీకాం అయినా ఇక్కడ కళ్ళు మూసుకోకండి. పదిమంది క్లాసులో తొమ్మిదిమందికి 12 లక్షలు, ఒకరికి 72 లక్షలు వస్తే సగటు 18 లక్షలు. ఆ 18 లక్షలు అందుకున్న మనిషి ఆ గదిలో ఒక్కరు కూడా లేరు. వరసలో నిలబెట్టి మధ్యలో ఉన్నవాళ్ళని చూస్తే 12. దాన్నే మీడియన్ అంటారు. ఏ స్కూల్ రిపోర్ట్‌లోనైనా ముందు దాన్ని వెతకండి. కనబడకపోతే అడగండి, ఇవ్వకపోతే అనుమానించండి. ఇంకో లెక్క. 10 శాతం వడ్డీకి 20 లక్షల లోన్ పదేళ్ళలో తీర్చాలంటే నెలకి సుమారు 26,430 రూపాయలు కట్టాలి. మొత్తం కట్టేది దాదాపు 31 లక్షల 70 వేలు. రెండేళ్ళలో తీరిపోతుందన్న మాట పట్టుకుని సంతకం పెట్టిన తల్లిదండ్రుల్ని చూశాను. ఆ మెసేజ్‌లో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన వాక్యం అదే.

ఆ అమ్మాయికి ఇవన్నీ చెప్పాను. వాళ్ళ నాన్నగారిని కూడా పిలిచి, లోన్ లెక్క కాగితం మీద వేసి చూపించాను. చేరేలోపు లాగరిథమ్‌లు, ప్రాబబిలిటీ, ఇంటర్ స్థాయి స్టాటిస్టిక్స్ రోజుకి గంట చొప్పున చేసుకుంటే మొదటి టర్మ్‌లో నాకు పట్టినట్టు టెన్షన్ పట్టదని చెప్పాను. అప్లికేషన్ పెట్టింది. "అక్కా, లాగ్ ఎందుకు తీసుకుంటారో నాకూ తెలీదు" అంది వెళ్తూ వెళ్తూ. ఈ ఆదివారం పదకొండు గంటలకి, పిన్ని కొట్టు కట్టేశాక, అక్కడి బల్ల మీదే మొదలుపెడుతున్నాం.