ముగింపు మాట లేకపోతే ప్రార్థన చేరదా?
‘యేసు నామమున’ అని ముగించని ప్రార్థన దేవుని దగ్గరకు చేరదన్న వ్యాసకర్త మాటతో ఏకీభవించలేను. బైబిల్లో మత్తయి సువార్త 6లో ప్రభువు స్వయంగా నేర్పిన ప్రార్థనలోనే ఆ ముగింపు లేదు కదా! అపొస్తలుల కార్యములు 19లో స్కెవ అనే యూదు యాజకుని కుమారులు ఏడుగురూ దురాత్మను వెళ్లగొట్టడానికి ఆ నామాన్ని స్పష్టంగానే ఉచ్చరించారు. యేసు తెలుసు, పౌలు తెలుసు, మీరెవరని ఆ దురాత్మ నిలదీసింది, అది పట్టినవాడు మీద పడితే గాయాలతో, బట్టలు లేకుండా ఆ ఇంటి నుంచి పారిపోయారు. చెన్నై పెరంబూరులో మేము వెళ్లే తెలుగు కూటంలో ఒక పెద్దావిడ రోగుల కోసం మెల్లగా ప్రార్థించి ఉత్త ‘ఆమేన్’తో ఆపేస్తారు, వాక్యానికోసారి నామం చెబుతూ గొంతు చించుకునే కుర్రాళ్లు ఆమెకే పాఠం చెప్పబోతారు! నా నామమున ఏమి అడిగినా చేస్తానన్న యోహాను 14:13లోని యేసు వాగ్దానం తండ్రి మహిమ కోసమని అదే వచనంలో ఉంది. వీసాలకూ ప్రమోషన్లకూ దాన్ని వాడేవారు ఆ సగం చదవరు.