సవరణ: ఏబీఎస్, ట్రాక్షన్ లైట్లు కలిసి వెలిగితే

కారులో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు లాక్ అయి, అంటే బిగుసుకుపోయి, జారకుండా చూసేది), ట్రాక్షన్ (చక్రాలు పట్టు తప్పి ఊరికే తిరగకుండా చూసేది) లైట్లు ఒకేసారి వెలిగితే బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయినట్టేనని మొన్న రాశాను. అది తప్పు. బండి మాన్యువల్ తిరగేసి, ఏబీఎస్ పని తెలిసిన మెకానిక్‌ని అడిగితే అసలు సంగతి తెలిసింది. ఈ రెండూ చక్రాల దగ్గరుండే స్పీడ్ సెన్సర్ల మీదే ఆధారపడతాయి. ఒక్క సెన్సర్‌కి ఇనుప రజను పట్టినా, దాని వైరు తెగినా రెండు లైట్లూ వచ్చేస్తాయి. మామూలు బ్రేకులు పనిచేస్తాయి గానీ, గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ కావచ్చు. ప్యాడ్లు కొనే ముందు స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టించి తేడా ఏ చక్రం సెన్సర్‌దో చూడండి. ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదివే చవక స్కానర్ ఇక్కడ దండగ.

ఎర్ర బ్రేక్ లైటు వేరు. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించినా ఆరకపోతే బండి పక్కకు ఆపి బ్రేక్ ఆయిల్ చూడండి. ఎర్రదీ, ఏబీఎస్‌దీ కలిసి వెలిగితే నడపొద్దు, టో చేయించండి.