అరకులో అరెకరం

రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలుంది. ఆదివారం, పొద్దుటి నుంచీ ముసురు. కూకట్‌పల్లిలో మా ఫ్లాటు హాల్లో మా ఆవిడ కింద కూర్చుని పళ్ళెం ముందేసుకుని చిక్కుడుకాయలు బాగుచేస్తోంది, నేను సోఫాలో కాగితమూ పెన్నూ పట్టుకుని కూర్చున్నాను.

"ఇదిగో, మొత్తం లెక్క వేసేశాను," అన్నాను.

"ఏ ఊరు?" అంది తలెత్తకుండానే.

ఎవరైనా అయితే ఏమిటా లెక్క అని అడుగుతారు. ఈవిడ సరాసరి ఊరి పేరే అడుగుతుంది. నిరుడు కోనసీమ అన్నాను, అంతకుముందు మైసూరు అన్నాను, కరోనా రోజుల్లో కొన్నాళ్ళు తిరువణ్ణామలై కూడా అన్నాననుకోండి, అంతమాత్రాన మనిషిని ఇంత తేలిగ్గా తీసెయ్యాలా?

"అరకు," అన్నాను.

"కోనసీమ ఏమైంది?"

"గోదారికి వరదొస్తే లంకల్లో పడవెక్కి తిరగాలని నువ్వేగా అన్నావు."

"మరి మైసూరు?"

"అక్కడ సాంబార్లో బెల్లం వేస్తారని..."

"అదీ నేనే అన్నాను. సరే, అరకు. చెప్పండి."

ఆ 'చెప్పండి' అంత మెత్తగా వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

"సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. మనకిక్కడ ఏప్రిల్లో ఫ్యాను వేస్తే పొయ్యి మీంచి వచ్చినట్టు వస్తుంది గాలి. అక్కడైతే రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు."

"ఏసీ 22లో పెడితే చలేస్తోంది, 26 చెయ్యి అని అర్ధరాత్రి లేచి కూర్చునేది ఎవరండీ ఈ ఇంట్లో?"

"అది మిషను చలి. ఇది కొండ చలి, ఒంటికి మంచిది."

"ఊఁ."

"అరెకరం తీసుకుంటాం. మధ్యలో చిన్న పెంకుటిల్లు. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఆ నేల పంటేనని ముద్ర, కూడా వచ్చింది, తెలుసా? పొద్దున్నే లేచి, మన పెరట్లో కాసిన గింజలు మనమే వేయించుకుని, మనమే పొడి కొట్టుకుని..."

"మొక్క నాటితే కాపు ఎప్పటికొస్తుంది?"

"మూడు నాలుగేళ్ళు పడుతుందిట."

"అంటే మీకు 64. అప్పటిదాకా?"

"అప్పటిదాకా పొడి కొనుక్కుంటాం."

"ఇప్పుడు ఇక్కడ కొనుక్కుంటున్నట్టే."

"ప్రతిదానికీ అలా పుల్ల విరిచినట్టు మాట్లాడకు."

"విరవడం లేదండీ, ఈనెలు తీస్తున్నాను. కాఫీ పళ్ళు కొమ్మకున్నవన్నీ ఒకేసారి పండవు, తెలుసా మీకు? ఎర్రబడ్డవి చూసి చూసి చేత్తో ఏరాలి. ఏరినవాటికి తొక్క తీయాలి, కడగాలి, ఎండబెట్టాలి, వాన చినుకు పడితే పరిగెత్తి ఎత్తాలి. ముందు ఇవి తీయండి, చూద్దాం."

పళ్ళెం నా ఒళ్ళోకి వచ్చింది. చిక్కుడుకాయ తొడిమ విరిచి కిందికి లాగితే ఈనె చివరిదాకా దారంలా వచ్చెయ్యాలి. ఆవిడ చేతిలో అలాగే వస్తుంది. నా చేతిలో మధ్యలో తెగుతుంది. తెగినదాన్ని గోరుతో పట్టుకోబోతే కాయ విచ్చుకుని గింజ ఎగిరి వెళ్ళి టీవీ స్టాండు కింద పడింది. ఇద్దరం దానికేసి చూశాం. ఎవరం ఏమీ అనలేదు.

"ఎలాగూ తోటపని చేస్తే చెయ్యి తిరుగుతుంది," అన్నాను కాసేపాగి.

"బాల్కనీలో కరివేపాకు మొక్కకి తిరిగినట్టు."

"దాన్ని నేను చంపలేదు! ప్రేమ కొద్దీ నాలుగు చెంబులు ఎక్కువ పోశాను."

"నా మీద అంత ప్రేమ లేకపోబట్టి బతికున్నాను. సరే, వెళ్ళడం ఎలా?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. కాగితం వెనక్కి తిప్పాను.

"రాత్రి ఇక్కడ రైలెక్కితే పొద్దున్నకి వైజాగ్. అక్కణ్ణించి కిరండూల్ రైలు. ఆ లైను మొత్తం మీద 58 సొరంగాలున్నాయి! విస్టాడోమ్ అని అద్దాల పెట్టె ఒకటి తగిలిస్తారు, పైకప్పుకీ అద్దాలే. కూర్చుని తలెత్తితే చాలు, కొండలు, లోయలు..."

"58 సొరంగాలా? లిఫ్టులో కరెంటు పోతే పావు నిమిషానికి హనుమాన్ చాలీసా అందుకునే మీరా?"

"అది లిఫ్టు."

"అది చీకటి, ఇదీ చీకటే. పోనీ, మీ షుగరూ నా మోకాళ్ళూ కూడా మనతోపాటే వస్తాయి కదా. ఏ అర్ధరాత్రో ఏదైనా అయితే పెద్దాసుపత్రి ఎక్కడుంది?"

"వైజాగ్‌లో ఉండనే ఉన్నాయి. 115 కిలోమీటర్లే."

"ఆ 'లే' ఏమిటండీ? మియాపూర్లో మా చెల్లెలు వాళ్ళింటికి భోజనానికి వెళ్దామంటే 'అంత దూరమా' అన్న మనిషికి, అనంతగిరి ఘాటు రోడ్డులో 115కి 'లే' ఎక్కణ్ణించి వచ్చింది?"

దీనికి నా కాగితంలో జవాబు లేదు. తిండి సంగతి ఎత్తుకున్నాను.

"అక్కడ బొంగు చికెన్ ఎంత ఫేమస్సో తెలుసా? వెదురు బొంగులో మసాలా ముక్కలు కూరి నిప్పుల మీద..."

"మనం తినం."

"బొంగులో వంకాయ కూరదాం."

ఆవిడ నన్నలా చూసింది. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆ చూపు నాకు బాగా అలవాటే గానీ, ఈసారి వంకాయ పక్షాన కూడా చూసినట్టనిపించింది.

"బీరువా వెనకాల ఆ అట్టపెట్టె ఏమిటి?" అంది హఠాత్తుగా.

"ఏ పెట్టె?"

"నేను చీపురు పెట్టే చోట నా కంట పడకుండా దాచిన పెట్టె."

"గమ్‌బూట్లు. వానాకాలం తోటలో తిరగాలిగా. నీకూ ఒక జత తెచ్చాను," అన్నాను, చివరి ముక్క కాస్త గట్టిగా.

"ఎంత సైజు?"

"ఏడు."

"నా కాలు అయిదు."

"మేజోళ్ళు వేసుకుంటావుగా లోపల!"

"రెండు నంబర్ల మేజోళ్ళా?" అని పళ్ళెం మళ్ళీ తన దగ్గరికి లాక్కుంది. నేను బాగుచేసిన ఏడు కాయల్నీ మళ్ళీ బాగుచెయ్యడం మొదలుపెట్టింది. "సరే గానీ, ఆ అరెకరం మీకు ఎవరు అమ్ముతానన్నారు?"

"ఎవరో ఒకాయన. ఫోన్లో పరిచయం. చాలా మర్యాదగా మాట్లాడతాడు, ప్రతి మాటకీ సార్ సార్ అంటాడు. ముందు కాస్త అడ్వాన్సు పంపితే మిగతాది అక్కడికొచ్చాక..."

చిక్కుడుకాయ మీద చెయ్యి ఆగింది. "పంపారా?"

"లేదు. రేపు పంపుదామని..."

"మా నాన్న పాడేరులో ఎన్నేళ్ళు పంతులుగా చేశారు?"

ఎక్కడి అరకు, ఎక్కడి మామగారు? "పదకొండేళ్ళు. ఏటా మనకి పాడేరు పసుపు పంపేవారుగా."

"ఇల్లెక్కడ కట్టుకున్నారు?"

"అనకాపల్లిలో."

"పదకొండేళ్ళున్న చోట ఎందుకు కట్టుకోలేదు?"

"చలికి పడక."

"చలికి కాదండీ. 1/70కి."

"అదేమిటి, బస్సు నంబరా?"

"చట్టం! 1970లో వచ్చింది. ఏజెన్సీలో, అంటే ఆ గిరిజన ప్రాంతాల్లో, భూమిని గిరిజనులు తప్ప బయటివాళ్ళు కొనడానికి వీల్లేదు. గిరిజనుల దగ్గర కొనకూడదు సరే, అక్కడ ముందే భూమి ఉన్న గిరిజనేతరుల దగ్గర కూడా మనలాంటివాళ్ళు కొనకూడదు. అరకు, పాడేరు అంతా ఏజెన్సీయే. మా నాన్న రోజూ అన్నాల దగ్గర ఇదే చెప్పేవారు, ఈ చట్టం లేకపోతే ఈ కొండలు ఎప్పుడో మనవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయేవే అని. మీలాంటివాళ్ళంతా తలో అరెకరం కొనుక్కుని తలో పెంకుటిల్లు వేసుకుంటే, వాళ్ళు ఎక్కడికి పోతారు, ఈ కూకట్‌పల్లికా?"

నేను కాగితం వైపు చూసుకున్నాను. పెంకుటింటి బొమ్మ కూడా వేసి ఉంచాను దాంట్లో, పొగగొట్టంతో సహా.

"మరి ఆ సార్ సార్ అనేవాడు?"

"రేపు ఫోన్ చేస్తే 1/70 సంగతేమిటి బాబూ అని అడగండి. సార్ అంటాడో లేదో చూద్దాం."

"నీకు ముందే తెలుసు కదా! మూడు వారాలుగా నేను లెక్కలు వేసుకుంటుంటే ఒక్క మాట చెప్పలేదేం?"

"మూడు వారాల్లో మీరు ఒక్కసారి కూడా రిమోట్ ముట్టుకోలేదు. హాయిగా సీరియల్ చూసుకున్నాను. డబ్బు పంపేదాకా వచ్చింది కాబట్టి చెప్పాను, లేకపోతే దసరా దాకా లాగేదాన్ని."

ఇంత కుట్ర నా ఇంట్లోనే జరుగుతోందని నాకేం తెలుసు.

"పోనీ లంబసింగి?"

"అదీ ఏజెన్సీయే."

"మారేడుమిల్లి?"

"అదీ అంతే."

"హార్సిలీ హిల్స్! అది చిత్తూరు వైపు, ఏజెన్సీ కాదు," అన్నాను లేచి నిలబడి.

"దాని కింద మదనపల్లె. టమాటాలకి అంత పెద్ద మార్కెట్ ఉన్న ఊరు. కిలో టమాటాలు తెమ్మంటే చితికినవి వెతికి వెతికి ఏరి తెచ్చే మిమ్మల్ని ఆ దరిదాపులకి కూడా రానివ్వరు."

నేను దీనికి తగ్గ సమాధానం వెతుక్కుంటుండగా ఇంటర్‌కమ్ మోగింది. ఆవిడే తీసింది. "అయ్యో... ఎంతవరకూ?... మా స్కూటర్ కూడానా?... ఉండు బాబూ, పంపిస్తున్నా," అని పెట్టేసి నా వైపు తిరిగింది. "సెల్లార్లోకి నీళ్ళొచ్చేశాయిట. ఆ పెట్టె తెరవండి."

"ఏ పెట్టె?"

"బూట్లండీ!"

తొమ్మిదో నంబరు జత నేను వేసుకున్నాను. కొత్త రబ్బరు, నడుస్తుంటే కిచకిచమని చప్పుడు. రెండో జత చంకలో పెట్టుకుని మెట్లు దిగాను, లిఫ్టు ఆపేశారుట. కింద మోకాళ్ళ లోతు నీళ్ళలో వాచ్‌మన్ వట్టి కాళ్ళతో బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెట్ల మీద కూర్చోబెట్టి బూట్లు తొడిగించాను. ఏడో నంబరు కొలిచి కొన్నట్టు సరిపోయింది. కిందికి దిగగానే మాత్రం నీళ్ళు పైనుంచి లోపలికి వచ్చేశాయి, ఇద్దరికీ.