సిపాయి జబ్బుకు రుజువు ఎవరు చూపాలి?

గుంటూరు, పల్నాడు, ప్రకాశం, కృష్ణా జిల్లాల పల్లెల నుంచి సైన్యంలో చేరే యువకుడిని ఒప్పుకునే ముందు సైనిక వైద్యులు చూపు, వినికిడి, గుండె, కీళ్లు అన్నీ పరీక్షించి, ఆరోగ్యవంతుడని రాసిన తర్వాతే తీసుకుంటారు. అదే మనిషి పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు చేసి అధిక రక్తపోటుతోనో, మధుమేహంతోనో, మూర్ఛతోనో, మానసిక రుగ్మతతోనో ఇంటికి వచ్చినప్పుడు, ఆ జబ్బు సర్వీసు వల్ల వచ్చినది కాదు, సర్వీసు వల్ల ముదిరినదీ కాదు అని విడుదల సమయంలో పరీక్షించే సైనిక వైద్యుల బృందం, అంటే మెడికల్ బోర్డు, ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. ఆ ఒక్క వాక్యంతో వైకల్య పింఛను ఆగిపోతుంది. దాన్ని తిరగరాయించుకోవడానికి మాజీ సైనికులకు సంవత్సరాలు పడుతున్నాయి.

చట్టం మాత్రం సిపాయి పక్షానే ఉంది. 1961 నాటి సైనిక పెన్షన్ నిబంధనల్లో 173వది రెండు షరతులు పెడుతుంది: వైకల్యం 20 శాతం లేదా అంతకు మించి ఉండాలి, అది సైనిక సేవ వల్ల కలిగినదో, ముదిరినదో అయి ఉండాలి. శాతాన్ని వైద్యులు లెక్కగడతారు కాబట్టి తగవంతా రెండో షరతు దగ్గరే వస్తుంది. ఆ తగవును ఎలా తీర్చాలో, ఈ పింఛను ఎవరికి దక్కాలో చెప్పే 1982 నాటి అర్హతా నియమాలు స్పష్టంగా చెప్పాయి. చేరిన రోజున జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే ఆ మనిషి ఆరోగ్యంగా చేరాడనే భావించాలి. అర్హత రుజువు చేసుకోమని హక్కుదారును అడగకూడదు. సహేతుకమైన సందేహం ఉంటే దాని లాభం అతనికే దక్కాలి. 1985లో చేరి, 1994లో మూర్ఛ కారణంగా 20 శాతం వైకల్యంతో సైన్యం నుంచి పంపివేయబడిన ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013 జులై 2న సుప్రీంకోర్టు ఈ నియమాలనే ఎత్తిచూపి పింఛను ఇప్పించింది. 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులోనూ అదే మాట చెప్పింది. కారణాలు రాయని బోర్డు అభిప్రాయం ఆధారంగా పింఛను నిరాకరించడం చెల్లదని 2025లో రాజుమోన్ కేసులో మళ్లీ చెప్పవలసి వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత కూడా అత్యున్నత న్యాయస్థానం అదే నియమాన్ని గుర్తుచేయవలసి రావడం, ఆ నియమం బోర్డుల బల్లల దాకా చేరలేదనడానికి సాక్ష్యం.

ప్రభుత్వం వైపు వాదనను తోసిపుచ్చలేం. రక్తపోటు, మధుమేహం ఊళ్లో వ్యాపారికీ, బడిపంతులికీ వస్తాయి. వంశపారంపర్యంగా వచ్చే రుగ్మతలు కొన్ని చేరే నాటి పరీక్షలో బయటపడవు. 2019లో నరసింగ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దృష్టితోనే, చేరినప్పుడు జబ్బు రాసి లేనంత మాత్రాన అది సర్వీసు వల్లనే వచ్చిందని అనలేమంది. అయినా ఆ తీర్పు బోర్డుకు మౌనంగా నిరాకరించే అధికారం ఇవ్వలేదు. జబ్బుకు మూలం సర్వీసు కాదని వైద్యులు నమ్మితే, ఎందుకు నమ్ముతున్నారో రాయాలి.

నిరాకరణలకు తరచు చూపే కారణం, జబ్బు శాంతి ప్రాంతంలో, అంటే సరిహద్దు, ఉగ్రవాద విధులు లేని పోస్టింగులో, ఉన్నప్పుడు బయటపడిందన్నది. ఇక్కడ పెద్ద పొరపాటు దాగి ఉంది. రక్తపోటు ఒక రాత్రిలో పుట్టదు. వార్షిక వైద్య పరీక్షలో కనిపించిన తేదీ జబ్బు మొదలైన తేదీ కాదు. ఎత్తైన మంచు ప్రాంతాల్లోనో, కశ్మీర్‌లో ఉగ్రవాద వ్యతిరేక విధుల్లోనో రెండు, మూడేళ్లు నిద్ర, తిండి వేళలు తప్పి గడిపిన జవాను తర్వాతి పోస్టింగులో పరీక్షకు నిలబడితే, అంతకుముందు గడిపిన కాలమంతా లెక్కలోకి రాకుండా పోతుంది. అతని పోస్టింగుల చరిత్ర అంతా రికార్డ్స్ ఆఫీసులో ఉంటుంది. దాన్ని తెప్పించి చూసి అభిప్రాయం రాయడం బోర్డుకు కష్టమైన పని కాదు.

నిరాకరణ తర్వాత నడక ఇంకా దూరం. ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు, అదీ వీగితే రెండో అప్పీలు, ఆపైన సైనికుల సర్వీసు, పింఛను తగాదాలు వినే సాయుధ దళాల ట్రిబ్యునల్. అప్పీళ్లు సాధారణంగా కాగితాల మీదే, అవే వైద్య పత్రాల ఆధారంగా తేలతాయి కనుక ఫలితం మారడం అరుదు. పింఛను మంజూరు చేసే కార్యాలయం ప్రయాగ్‌రాజ్‌లో ఉంటుంది, రికార్డ్స్ ఆఫీసు రెజిమెంటును బట్టి సికింద్రాబాద్‌లోనో, నాసిక్‌లోనో ఉంటుంది, ఆంధ్రప్రదేశ్ కేసులు ట్రిబ్యునల్ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. తెనాలి పక్క పల్లెలో ఉన్న రిటైర్డ్ హవల్దారు ఇంగ్లిషులో వచ్చిన తిరస్కరణ లేఖ చదివించుకోవడానికే ఎవరినో వెతుక్కోవాలి. ఈలోగా కాలం అతని డబ్బును తినేస్తుంది. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన సూత్రం ప్రకారం ఆలస్యంగా కోర్టుకు వచ్చినవారికి పింఛను బకాయిలు పిటిషన్‌కు ముందటి మూడేళ్లకే పరిమితం. ఆ సూత్రానికి న్యాయశాస్త్రపరంగా ఆధారం ఉంది, కాని తనకు హక్కుందని ఎవరూ చెప్పని మనిషి విషయంలో అది క్రూరంగా పనిచేస్తోందని నా అభిప్రాయం.

పోయేది చిన్న మొత్తం కాదు. పింఛనులో వైకల్యానికని ఇచ్చే భాగం నూరు శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం. 20 శాతం వైకల్యాన్ని 50గా లెక్కించే పద్ధతి ఉంది, రిటైర్మెంటు వయసు నిండి వచ్చినవారికీ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ తీర్పు తేల్చింది. అంటే ఆ 30లో సగం, వేతనంలో 15 శాతం, జీవితాంతం అందవలసిన చోట ఏమీ అందడం లేదు. నెలనెలా మందులు కొనే ఇంటికి ఆ తేడా ఎంతో తెలుసు.

గెలిచినా కథ ముగియదు. ట్రిబ్యునల్ ఆదేశాలపై హైకోర్టుకు వెళ్లే దారి ఉందని 2023 మార్చిలో పరశోతం దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దారి ఓడిన సిపాయికి ఎంత మేలో, ఓడిన ప్రభుత్వానికీ అంతే తెరిచి ఉంది. స్థిరపడిన తీర్పులున్న కేసుల్లో కూడా ప్రభుత్వం పైకోర్టుకు వెళ్లడం అన్యాయం, ప్రజల డబ్బు వృథా. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హతా నియమాలు వచ్చాయి కనుక, అంతకుముందు విడుదలైన వారి పాత కేసులనైనా పాత నియమాల ప్రకారం రక్షణ శాఖ తనంతట తాను తిరిగి చూడవచ్చు.

ఇక్కడ మనం అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. విడుదలైన రోజునే ప్రతి జవానుకూ మెడికల్ బోర్డు పూర్తి పత్రాల నకలు, అప్పీలు గడువు రాసిన తెలుగు కాగితం చేతికివ్వాలి. గుంటూరు, విజయవాడల్లోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో పెన్షన్ అప్పీళ్లు తెలిసిన న్యాయవాది వారానికొక రోజైనా కూర్చోవాలి. చండీగఢ్ బెంచి సిమ్లాలో, లక్నో బెంచి నైనిటాల్‌లో సర్క్యూట్ సిటింగులు (అప్పుడప్పుడు ఆ ఊరికే వెళ్లి కేసులు వినడం) జరిపినట్టే, చెన్నై బెంచి విజయవాడలోనూ జరపాలని మన ఎంపీలు రక్షణ శాఖను పట్టుబట్టాలి.