‘దొంగను చంపినా కేసు ఉండదు’ అన్న మెసేజ్‌ను నమ్మితే జైలుకు పోయేది మీరే

అనంతపురం జిల్లా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బోరు కేబుళ్ళు, స్టార్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి, మందలో గొర్రెలు పోయిన ప్రతి ఊళ్ళోనూ దాన్ని ఎవరో ఒకరు మళ్ళీ పంపుతున్నారు. సారాంశం ఇది: ‘కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు ఆస్తిని కాపాడుకునే పూర్తి హక్కు ఇచ్చాయి. మీ ఇంట్లోకి గానీ పొలంలోకి గానీ దొంగ వస్తే చంపినా కేసు ఉండదు. పారిపోతున్నా వదలొద్దు. పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టుకోవడం మీ ఇష్టం. ఊరంతా కలిసి కొడితే ఎవరి మీదా కేసు నిలబడదు. అమెరికాలోనూ ఇంతే. అందరికీ పంపండి.’

ఇందులో సరిగ్గా ఉన్నవి సెక్షన్ల నంబర్లే. మిగతాదంతా మనుషుల్ని చంపించే అబద్ధం. ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తాను.

‘కొత్త చట్టం పూర్తి హక్కు ఇచ్చింది’

2024 జులై 1న అమల్లోకి వచ్చిన న్యాయ సంహిత ఈ విషయంలో కొత్తగా ఇచ్చిందేమీ లేదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లే నంబర్లు మారి 34 నుంచి 44 అయ్యాయి. మెసేజ్ తయారు చేసినవాళ్ళు 34, 35 చదివి 37 దగ్గర కళ్ళు మూసుకున్నారు. ఆత్మరక్షణ హక్కుకు గట్టు వేసేది ఆ 37వ సెక్షనే. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదని, ఉన్నప్పుడు కూడా కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదని అది చెబుతుంది. తర్వాత వచ్చే సెక్షన్లన్నీ దీనికి లోబడే పనిచేస్తాయి.

ఇంకో మాట. కోర్టుల చుట్టూ తిరిగిన పెద్దవాళ్ళకు ‘సెక్షన్ 34’ అంటే పాత చట్టంలోది గుర్తొస్తుంది. అది నలుగురు కలిసి నేరం చేస్తే నలుగురినీ బాధ్యుల్ని చేసే సెక్షన్. ఇప్పుడు అదే నంబరు ఆత్మరక్షణకు వచ్చింది. పాత కేసు కాగితాల్లో 34 చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

‘ఇంట్లోకి గానీ పొలంలోకి గానీ దొంగ వస్తే చంపవచ్చు’

ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా వెళ్ళే హక్కు ఎప్పుడు వస్తుందో 41వ సెక్షన్ లెక్కగట్టి చెప్పింది. దోపిడీ జరుగుతున్నప్పుడు. సూర్యుడు అస్తమించాక, ఉదయించే లోపు ఇల్లు బద్దలుకొట్టి లోపలికి వస్తున్నప్పుడు. మనుషులుండే ఇంటికో, సరుకు దాచే కట్టడానికో నిప్పుపెడుతున్నప్పుడు, పేలుడు పదార్థాలతో నాశనం చేస్తున్నప్పుడు. ఇవి కాక దొంగతనం, విధ్వంసం, ఇంట్లోకి అక్రమంగా చొరబడటం జరుగుతూ, అడ్డుకోకపోతే చావో పెద్ద గాయమో తప్పదని ఎవరికైనా న్యాయంగా అనిపించే పరిస్థితి ఉన్నప్పుడు. అంతే. మామూలు దొంగతనం, పొలంలోకి చొరబడటం ఆ జాబితాలో లేవు. వాటిని అడ్డుకోవచ్చు, అవసరమైతే బలం కూడా వాడొచ్చు, కానీ చంపే హక్కు లేదని తర్వాతి 42వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది.

దొంగతనానికీ దోపిడీకీ తేడా ఉంది. మీరు నిద్రపోతుంటే పాకలోంచి గొర్రెను ఎత్తుకుపోతే దొంగతనం. గొంతు మీద కత్తి పెట్టి మందను వ్యాన్‌లోకి ఎక్కిస్తే దోపిడీ. రెండో సందర్భంలో కాపరి కట్టె తిప్పితే, ఆ దెబ్బకు ఎదుటివాడు చనిపోయినా చట్టం కాపరి పక్కన నిలబడే అవకాశం గట్టిగా ఉంది. ప్రాణభయంలో ఉన్నవాడు ప్రతి దెబ్బనూ కొలిచి కొట్టలేడని, ఆ క్షణాన్ని బంగారం తూచే త్రాసులో పెట్టి తూచకూడదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. కాబట్టి ‘చట్టం దొంగలకే చుట్టం’ అనే మాట కూడా సరికాదు. చట్టం మన్నించేది భయాన్ని. కోపాన్ని కాదు.

రాత్రి మోటరు షెడ్డు తాళం పగలగొడితే ఏమిటని అడుగుతారు. సరుకు దాచే కట్టడం కాబట్టి అది 41 కిందికి రావచ్చు. అప్పుడు కూడా 37 పోదు. టార్చి లైటు వేసి అరిస్తే పారిపోయే ఇద్దరు కుర్రాళ్ళను కొడవలితో నరకడం ‘అవసరమైనంత హాని’ అని ఏ జడ్జి ముందూ చెప్పలేరు.

ఇక ‘కేసు ఉండదు’ అన్న మాట. మనిషి చచ్చిపోతే ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, శవపరీక్ష ఉంటుంది, అరెస్టు కూడా ఉండొచ్చు. ఆత్మరక్షణ అనేది ఆ కేసులో మీరు చెప్పుకునే వాదన. భారతీయ సాక్ష్య అధినియమం 108వ సెక్షన్ ప్రకారం దాన్ని నమ్మించే బాధ్యత మీదే. హక్కు ఉండి, మంచి ఉద్దేశంతోనే హద్దు దాటారని తేలితే హత్య కాకుండా దానికంటే తక్కువ నేరం అవుతుంది. అయినా అది నేరమే. ఆ వాయిదాలు ఎన్నేళ్ళు నడుస్తాయో కోర్టు గుమ్మం ఎక్కిన ప్రతి కుటుంబానికీ తెలుసు.

‘పారిపోతున్నా వదలొద్దు’

సొమ్ముతో పారిపోతున్న దొంగను తరమొచ్చు. సొమ్ము తిరిగి దొరికేదాకా, లేదా పోలీసుల సాయం అందేదాకా, లేదా వాడు సొమ్ముతో తప్పించుకుపోయేదాకా హక్కు ఉంటుందని 43వ సెక్షన్ చెబుతుంది. కేబుల్ చుట్ట కింద పడేసి పరిగెత్తాడంటే మీ సొమ్ము మీకు వచ్చినట్టే, హక్కు అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత వెనక నుంచి పడే ప్రతి దెబ్బా నేరమే. పంజాబ్‌లో ఒక భూమి తగాదాలో, ఎదుటి పక్షం వెనుదిరిగి పారిపోతున్నప్పుడు దూరం నుంచి కాల్చి చంపినవాళ్ళు ఆత్మరక్షణ అని వాదించారు. ముప్పు తొలగిపోగానే హక్కు కూడా పోయిందని 1960ల మొదట్లోనే సుప్రీంకోర్టు వాళ్ళను దోషులుగానే ఖాయం చేసింది.

గట్టు తగాదాలతో మొదలై తరాల పాటు మనుషుల్ని తిన్న ఫ్యాక్షన్ మన సీమకు కొత్త కాదు. కాబట్టి భూమి గురించి కూడా చెప్పాలి. పట్టా మీ పేరునే ఉన్నా, ఎదుటివాడు ఎప్పటినుంచో స్థిరంగా అనుభవంలో ఉంటే, బలంతో ఖాళీ చేయించే హక్కు మీకు లేదు. కోర్టుకు పోవాల్సిందే.

‘కరెంటు తీగ మీ ఇష్టం’

అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసేది ఈ మాటే.

1963లో సుప్రీంకోర్టు ముందుకు బీహార్ నుంచి ఒక కేసు వచ్చింది. పక్కింటివాళ్ళ మరుగుదొడ్డి గోడ కూలిపోయింది. వాళ్ళు ఇతని దొడ్లోని మరుగుదొడ్డికి రావడం మొదలుపెట్టారు. వద్దన్నాడు, మానలేదు. ఇంట్లోని కరెంటు కనెక్షన్ నుంచి ఒక రాగి తీగ లాగి, మరుగుదొడ్డికి పోయే దారికి అడ్డంగా కట్టాడు. తొడుగు లేని తీగ, హెచ్చరిక బోర్డు కూడా లేదు. పక్కింటి ఆడమనిషి ఆ తీగ తగిలి చనిపోయింది. నా స్థలంలోకి అక్రమంగా వచ్చింది, ఆస్తిని కాపాడుకున్నాను అని అతను వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. చొరబడినంత మాత్రాన మనిషి చట్టం రక్షణ కోల్పోడని, చంపేంత కరెంటు దారికి అడ్డంగా పెట్టడం ఏ హక్కు కిందికీ రాదని చెప్పి శిక్ష నిలబెట్టింది.

దీన్ని మన పొలాలకు తెచ్చి చూడండి. శనక్కాయ చేనును అడవి పందులు తవ్వేస్తాయని, చీనీ (బత్తాయి) చెట్ల కాయ కోసుకుపోతారని రాత్రిపూట జీఐ తీగకు నేరుగా లైను నుంచి కరెంటు ఇస్తారు. చీకట్లో పొలాల్లో తిరిగేది ఎవరు? కరెంటు వచ్చిందని మోటరు వేయడానికి పోయే పక్క రైతు. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాడు. బహిర్భూమికి పోయిన ఆడమనిషి. తెల్లవారుజామున తీగ తీయడం మరిచిపోతే, పొలానికి ముందుగా వచ్చే మీ ఇంటి మనిషే. దొంగ సెల్‌ఫోన్ లైటు వేసుకుని జాగ్రత్తగా వస్తాడు. ఆ గట్టు మీద రోజూ నడిచే అలవాటున్నవాడే చూసుకోకుండా అడుగు వేస్తాడు. తీగకు ఎవరు తగిలారో తెలియదు. ఆత్మరక్షణకు మూలం ఎదుట ఉన్న ముప్పును చూసి నిర్ణయం తీసుకోవడం. మీరు మంచం మీద నిద్రపోతుంటే చంపే తీగకు ఆ వాదన ఎలా అతుకుతుంది?

నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఇప్పుడు ఐదేళ్ళ దాకా జైలు. పాత చట్టంలో అది రెండేళ్ళే. ప్రాణం పోతుందని తెలిసీ పెట్టారని రుజువైతే 105 కింద ఇంకా పెద్ద శిక్ష. లైను నుంచి దొంగగా కరెంటు లాగినందుకు విద్యుత్ చట్టం కింద కేసు వేరే. పందులు నిజంగా పంట తినేస్తున్నాయి, ఆ నష్టం చిన్నది కాదు. దానికి సోలార్ ఫెన్సింగ్ ఉంది. అది ఆగి ఆగి క్షణకాలం మాత్రమే షాక్ ఇస్తుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది, ప్రాణం పోదు.

‘ఊరంతా కలిసి కొడితే కేసు నిలబడదు’

2018 ఫిబ్రవరిలో కేరళలోని అట్టపాడిలో బియ్యం దొంగిలించాడని ఒక ఆదివాసీ యువకుణ్ణి గుంపుగా పట్టుకుని కొట్టారు. పోలీసులు తీసుకెళ్తుండగానే చనిపోయాడు. 2023లో కోర్టు 14 మందిని దోషులుగా తేల్చి, వాళ్ళలో 13 మందికి ఏడేళ్ళ కఠిన జైలుశిక్ష వేసింది. గుంపులో ఎవరి దెబ్బకు చచ్చాడో తేలకపోయినా, ఒకే ఉద్దేశంతో కలిసిన అందరూ బాధ్యులే. అదే 2018 మే నెలలో పార్థీ గ్యాంగు అనే దొంగల ముఠా వచ్చిందన్న పుకార్లతో తెలుగు రాష్ట్రాల్లో ఊరికి కొత్తగా కనిపించిన వాళ్ళ మీద, మతిస్థిమితం లేనివాళ్ళ మీద గుంపులు పడ్డాయి. ప్రాణాలు పోయాయి. అప్పుడూ మొదలైంది ఒక వాట్సాప్ మెసేజ్‌తోనే.

‘అమెరికాలోనూ ఇంతే’

టెక్సాస్ చట్టం రాత్రి దొంగతనాన్ని ఆపడానికి కొన్ని షరతుల మీద ప్రాణాంతక బలం వాడనిస్తుంది, నిజమే. అది ఆ రాష్ట్రం సంగతి. అదే దేశంలో అయోవా రాష్ట్రంలో ఒక జంట, ఎవరూ ఉండని తమ పాత ఇంట్లో తలుపు తీస్తే పేలేలా తుపాకీ అమర్చారు. పాత సీసాలు ఎత్తుకుపోవడానికి వచ్చినవాడి కాలు ఛిద్రమైంది. 1971లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దొంగకే 30 వేల డాలర్ల పరిహారం ఖాయం చేసింది.

‘పోలీసులు ఏమీ చేయరు, మనమే చూసుకోవాలి’

ఇది మెసేజ్‌లో లేదు, దాన్ని పంపేవాళ్ళు అనే మాట. దీన్ని తీసిపారేయలేను. గార్లదిన్నె వైపు ఒక చీనీ రైతు నాతో అన్నాడు: ‘కేబుల్ కోసుకపోయినారు న్నా. మళ్ళీ తెచ్చి వేసేలోపల ఎండకు పిందంతా రాలిపాయ. కంప్లయింట్ ఇస్తే రాసుకున్యారు, అంతే. అప్పు తీర్చాల్సింది నేను. వాడు నా చేతికి దొరికితే ఇడ్సాల్నా?’ అతని బాధలో అబద్ధం లేదు. పోయింది కొన్ని మీటర్ల తీగ కాదు, ఒక ఏడాది బతుకు.

అయినా ఇడ్సాల్సిందేనని అతనితో అన్నాను. ఐదు వేల రూపాయల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి, దాన్ని తిరిగి ఇచ్చేసినవాడికి ఇదే న్యాయ సంహిత 303వ సెక్షన్ సమాజ సేవను శిక్షగా పెట్టింది. మామూలు దొంగతనానికి గరిష్ఠంగా మూడేళ్ళు. ఏ జడ్జీ ఉరి వేయలేని తప్పుకు, చీకట్లో, మొహం కూడా చూడకుండా మనం ఉరి వేయడం ఏ ధర్మం? పట్టుబడినవాడు నిజంగా దొంగో, కూలికి వచ్చి దారి తప్పినవాడో ఆ నిమిషంలో మనకు తెలియదు. తెలిసేసరికి తిరిగి తెచ్చేది ఏమీ ఉండదు. కేబుల్ మళ్ళీ కొనొచ్చు, ఎంత కష్టమైనా.

దొంగ కళ్ళ ముందే దొరికితే చేయగలిగింది చాలా ఉంది. ఎదుటే నాన్‌బెయిలబుల్ నేరం (బెయిలు హక్కుగా దొరకని నేరం) చేస్తున్నవాణ్ణి పట్టుకునే అధికారం, అరెస్టులు, విచారణల పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 40వ సెక్షన్ మామూలు మనిషికీ ఇచ్చింది. ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. పట్టుకోండి, కూర్చోబెట్టండి, వీడియో తీయండి, 112కు ఫోన్ చేయండి. మోటరు సీరియల్ నంబరు, కొన్న బిల్లు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఎఫ్‌ఐఆర్ రాయకపోతే ఎస్పీ ఆఫీసుకు రాతపూర్వకంగా పంపండి.

ఈ మెసేజ్ చదివి ఇప్పటికే చేను చుట్టూ తీగ లాగినవాళ్ళు మీ గ్రూపులో ఉండవచ్చు. వాళ్ళకు ఫోన్ చేసి, చీకటి పడక ముందే విప్పించండి.